కోట యెవరిది?

‘మనది’ యను మాటను మనమందఱము బాల్యముననే నేర్చుకొందుము. మన యిల్లు, మన చేను, మన యూరు అని పలుకునపుడు ఆ మాటకు అర్థమేమని యడుగవలసిన పనిలేదు. ఇంటికి పత్రము కలదు. చేనికి గట్టు కలదు. ఊరికి పొలిమేర కలదు. కాని ‘మన కోట’, ‘మన శిల్పము’, ‘మన పూర్వుల వైభవము’ అనునపుడు అదే మాట కాలు జారుచున్నది. ఆ కోటను మనము కట్టలేదు, కొనలేదు, దానికొఱకు ఒక్కనాడును చెమట యోడ్చలేదు. ఐనను దాని నెవరైన మెచ్చినచో మన హృదయము పొంగును. నిందించినచో మన ముఖము వాడును. ఈ పొంగునకును వాడుటకును ఆధార మేమి? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో తటస్థించినది కాదు. ఒక శీతకాలమున జమ్మలమడుగు సమీపమునందలి గండికోటకు బడిపిల్లలను తీసికొనిపోయినపుడు ఒక బాలుని నోటినుండి వచ్చినది.

ఖాజీపేటనుండి మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా బస్సు ప్రయాణము. జమ్మలమడుగు దాటి సుమారు పదునైదు కిలోమీటర్లు పోగా, ఎఱ్ఱమల కొండలను పెన్నానది నిలువున చీల్చుకొని పాఱిన తావున కోట కనబడును. నది కొండకు గండి కొట్టిన చోటి కోట గనుక దీనికి గండికోట యని పేరు. లోయ యంచున నిలిచి చూచినచో, ఎఱ్ఱని రాతిపలకల నెవరో ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ కత్తితో కోసినట్లుండును. దాదాపు మూడువందల అడుగుల క్రింద నీరు కదలుచున్నదో లేదో తెలియదు. ఇటీవల దీనిని ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అని పిలుచుట పరిపాటి యైనది. అరిజోనాలోని కొలరాడో నదియెడ మాకు ద్వేషము లేదు గాని, మన గొప్పను చెప్పుకొనుటకు సైతము మఱియొకరి పేరు ఎరువు తెచ్చుకొనువారు, ఆ వెంటనే ‘మన ప్రాచీన వైభవ’ మని రొమ్ము విఱుచుకొనుట కొంత వింతగా తోచును.

కోట పుట్టుకను గూర్చి స్థానిక కథన మొకటి కలదు. 1123వ సంవత్సరమున కాకరాజను నాయకుడు ఆహవమల్ల సోమేశ్వరునికి సామంతుడై దీనిని కట్టించెనని చెప్పుదురు. ఉపాధ్యాయుల మగుటచే నిచట నొక్కమాట చెప్పక యుండజాలము. ఆహవమల్ల బిరుదముగల కల్యాణ చాళుక్య సోమేశ్వరుడు 1068లోనే కాలధర్మము నొందెను. 1123లో రాజ్యము చేయుచుండినవాడు అతని కుమారుడు ఆఱవ విక్రమాదిత్యుడు. కథ చెప్పువారికి తేదీలకంటె పేర్లు ప్రియము. పిమ్మట విజయనగర ప్రభువుల కాలమున పెమ్మసానివారు ఈ కోట నేలిరి. కృష్ణదేవరాయల పక్షమున పోరాడిన పెమ్మసాని రామలింగనాయుని పేరు రాయవాచకమున కలదు. నేడు కోటలో నిలిచియున్నవి మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, విల్లువలె వంగిన పెద్దకప్పు గల ధాన్యాగారము, చెఱసాల, కోనేరు, చెఱువు, పావురముల గోపురము. కోటలోపల నొక పల్లెయు నున్నది. అచట మేకలను తోలుకొని పోవు స్త్రీలు వందల యేండ్ల గోడల నీడను వంటయింటి గోడనీడవలె వాడుకొనుచుందురు. మాకు కోటలో నన్నిటికంటె నచ్చిన దృశ్య మదియే.

మేము మాధవరాయస్వామి గోపురము ముంగిట పిల్లలను నిలిపి యుపన్యాసము ప్రారంభించితిమి. నాలుగంతస్తుల గోపురమును చూపితిమి. లోపలి స్తంభముల చెక్కడపు పనిని చూపితిమి. గర్భగుడిలో మూర్తి లేదు. మైదుకూరున పూజలందుకొనుచున్న మాధవరాయలు ఈ గుడినుండి తరలివచ్చినవాడే యని మా ప్రాంతపువారు చెప్పుకొనుట కలదు, అదియు చెప్పితిమి. తుదకు, అలవాటు చొప్పున, ‘చూచితిరా, ఇది మన పూర్వుల ప్రతిభ! దీనిని తలచుకొని మనము తల యెత్తుకొని నడువవలెను’ అంటిమి. పిల్లలు తల లూపిరి. అపుడు ఎనిమిదవ తరగతి బాలు డొకడు, సాధారణముగా నోరు విప్పనివాడు, మెల్లగా నడిగెను: “సార్, అప్పుడు మావాళ్లు ఈ కోటలో ఏం చేస్తాండిరి?”

వాని మాటలో ఎత్తిపొడుపు లేదు. తెలిసికొనగోరి యడిగినాడు. వాని కులమువారిని మా తాతగారి కాలమున గుడిలోనికి రానిచ్చుట యటుండగా, గుడివీథిలో చెప్పులు తొడిగికొని నడువనిచ్చుటయు లేదు. ‘రాళ్లు మోసియుందురు నాయనా’ అను మాట మా నోటివఱకు వచ్చి యాగినది. అది యబద్ధము కాకపోవచ్చును. ఐనను దానిని చెప్పబోవు మేము, ఆ గోపురము ముంగిటనే, అరనిమిషము క్రిందట ‘మన పూర్వులు’ అని పలికినవారము. ఆ ‘మన’లో వాడున్నాడా, లేడా? ఉన్నచో వానికి మోతబరువును మాకు ప్రతిభయు నేల వచ్చినవి? లేనిచో వానిని తల యెత్తుకొని నడువుమని చెప్పుటకు మాకేమి యధికారము? ‘ప్రొద్దెక్కుచున్నది, మసీదు చూడవలెను, పదండి’ అని మాట దాటవేసితిమి. వాడు మరల నడుగలేదు.

ఇంటికి వచ్చిన పిదపను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. రక్తసంబంధముచే కోట మనదగు నందుమా? పెమ్మసానివారితో మాకు బంధుత్వము లేదు. మా పూర్వులు బహుశః అట్టి దొరలకు తిథివారములు చెప్పి, ఆ ధాన్యాగారమునుండి యేదో యొక కొలతతో గింజలు పుచ్చుకొని బ్రదికియుందురు. అంతకంటె కోటకు వారు చేసిన యుపకారము మా కేదియు తోచదు. భాషచేత మనదగు నందుమా? కోటలోని వారును తెలుగు మాటలాడిరి, బయటినుండి దానిని ముట్టడించిన వారిలో ననేకులును తెలుగే మాటలాడిరి. పుట్టిన నేలచేత మనదగు నందుమా? ఆ నేలమీదనే ఆ బాలుని వంశమును పుట్టినది గదా! చేసినవాడే ఫలము ననుభవించునని కర్మసిద్ధాంతమును వేదికలమీద నుపన్యసించు మనము, ఒరులు చేసినదాని కీర్తిఫలమును మాత్రము సంకోచము లేక భుజించుచున్నాము.

పోనిండు, కీర్తి వారసత్వముగా వచ్చుననియే యొప్పుకొందము. అపుడు మఱియొక చిక్కు వచ్చును. తండ్రి యప్పును కొడుకు తీర్పవలెనని మన ధర్మశాస్త్రములు విధించినవి. కొడుకు నట్లు నిర్బంధించు విధిని 2005 నాటి చట్టసవరణ క్రొత్త యప్పులవిషయమున తొలగించినది గాని, యాస్తిని మూటగట్టుకొని యప్పువారిని చూచి మొగము తప్పించువానిని లోకము నేటికిని మెచ్చుట లేదు. గండికోట వైభవము మన యాస్తి యైనచో, గండికోట చెఱసాల యెవరి యప్పు? ధాన్యాగారమును చూచి ‘ఎంతటి దూరదృష్టి!’ అని మనము మెచ్చుకొందుము. మెచ్చుకొనదగినదే, కరవు సీమలో గింజ దాచుట నేర్చినవారు బుద్ధిమంతులు. కాని యా గింజ కొండమీద తనంత తాను మొలచినది కాదు. క్రింది పల్లెలలో నెవరి కళ్లముననో కొలువబడి, ఎవరి వీపుమీదనో కొండ యెక్కినది. ముట్టడి వచ్చినపుడు తలుపులు మూయబడును. గింజ లోపల నుండును. పండించినవాడు బయట నుండును. ధాన్యాగారమును మాత్రము మనదని, చెఱసాల నెవరిదో యనుట కుదరదు. రెండింటి తాళపుచెవులును ఒకే దొర మొలను వ్రేలాడినవి.

గర్వము సంగతి యిది. దీనికి తోడబుట్టిన దొకటి కలదు, అది పగ. గండికోటకు పోయివచ్చినవారిలో కొందఱు పొంగుతో తిరిగివత్తురు, కొందఱు ఉడుకుమోతుతనముతో తిరిగివత్తురు. ఈ రెండవ వారికి కారణము మీర్ జుమ్లా.

ఈతని చరిత్ర వినదగినది. పారసీక దేశమున ఇస్ఫహాను సమీపమునందలి అర్దిస్తానులో నొక నూనెవర్తకుని కొడుకుగా పుట్టి, గోలకొండకు వచ్చి, వజ్రవ్యాపారమున గడించి, మచిలీపట్టణపు రేవునుండి యోడలు నడిపి, తుదకు కుతుబ్‌షాహీ సుల్తానునకు మంత్రియై, 17వ శతాబ్ది మధ్యమున పెన్నాతీరమును జయించెను. సముద్ర మెన్నడును చూడని యీ కొండకోట తలవ్రాతను ఓడల యజమాని యొకడు వ్రాసినాడు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే యీతనిని చూచుటకు గండికోటకు వచ్చి, తాను చూచినదంతయు వ్రాసిపెట్టెను. కొండమీద వరియు చిఱుధాన్యములును పండు చిన్న మైదానము కలదనియు, ఊటలు దానిని తడుపుచుండెననియు ఆతడు చెప్పినాడు. మీర్ జుమ్లా గుడారమున కూర్చుండి, కాలివ్రేళ్ల సందులలోను చేతివ్రేళ్ల సందులలోను కాగితములు గ్రుచ్చుకొని, ఒక్కొక్కదానిని లాగి యుత్తరువు లిచ్చుచుండుటను ఆతడు చిత్రించినాడు. కచేరీలలో కాగితములు కుప్పలుపడుట చూచిన మావంటివారికి ఆ చిత్రము మఱపు రాదు.

ఆ ముట్టడిలో ఫిరంగులు నడిపినవారు డచ్చివారి కొలువు విడిచివచ్చిన ఫ్రెంచివారు మున్నగు ఐరోపీయులు. వారిలో మాయే యనువానికి ఫిరంగులు పోతపోయుటకై గుళ్లలోని రాగివిగ్రహములు తెప్పించి యిచ్చిరట. మిగిలినవన్నియు కరగెను గాని గండికోట గుడినుండి తెచ్చిన ఆఱు విగ్రహములు ఎంత మంట పెట్టినను కరగలేదనియు, పోసిన ఫిరంగులును పనికిరాలేదనియు తవెర్నియే వ్రాసెను. ఇది చదివినపుడు మాకును ఒక సంతోషము కలిగినది, దాచుకొనము. కాని యా సంతోషమును చేతిలోనికి తీసికొని చూచినచో, అది భక్తి కాదు. మాధవరాయని మీది భక్తి యైనచో మైదుకూరికి పోయి నమస్కరించియుందుము. ఎదిరివాని పని చెడెనను తృప్తియే యది.

ఇక స్థానికుల కథ వినుడు. కోట శత్రువుల ఫిరంగులకు లొంగలేదనియు, లోపలివాడే యొకడు ఆశకు లోబడి ప్రభువునకు విషము పెట్టెననియు మా ప్రాంతమున చెప్పుకొందురు. చారిత్రకముగా దీని విలువ యెంతయో తేల్చుట మా పని కాదు. కాని యొక జాతి తన యోటమిని గూర్చి యిట్టి కథ చెప్పుకొనుటలో నొక నిజాయితీ కలదని మాకు తోచును. ‘వాడు బలవంతుడు’ అని గాని, ‘వాడు క్రూరుడు’ అని గాని సరిపెట్టుకొనక, ‘మాలో నొకడు చెడెను’ అని చెప్పుకొనిరి. పగను పెంచుకొనువారు ఈ కథను సగము మాత్రమే చెప్పుదురు. పారసీకుని పేరు గట్టిగా పలికి, విషము కలిపిన చేతిని మఱతురు. ఆ మాటకు వచ్చినచో గోలకొండ సైన్యమున తెలుగు నాయకవాడీలు కొలువుచేయుచుండిరి. ఆ ముట్టడిని మతముల యుద్ధముగా చిత్రించుటకు పైడబ్బు పుచ్చుకొని ఫిరంగి ప్రేల్చిన ఫ్రెంచివా డడ్డువచ్చును. జాతుల యుద్ధముగా చిత్రించుటకు ఈ నాయకవాడీలు అడ్డువత్తురు.

గర్వమును పగయు నొకే తప్పునుండి పుట్టుచున్నవి. ఆనాటి వారు చేసినది మనమే చేసితిమనియు, ఆనాటి వారు పడినది మనమే పడితిమనియు భ్రమించుటయే యా తప్పు. జామియా మసీదు మెట్లమీద కూర్చుండి మా పిల్లలు చద్దియన్నము తినిరి. వారిలో ఇద్దఱు ముసల్మాను బాలురు. వారికి మీర్ జుమ్లాతో గల సంబంధము, మాకు పెమ్మసానివారితో గల సంబంధమంతయే; అనగా లేదు. ఐనను పెద్దవారు వారి మొగము చూచి మీర్ జుమ్లాను తలచుకొందురు. ఇది యెంత యన్యాయమో, మేము గోపురము చూచి మీసము దువ్వుకొనుటయు నంతే యన్యాయము. మొదటిది బాధించును గనుక కనబడును. రెండవది ముద్దుగా నుండును గనుక కనబడదు.

దీనిని పరీక్షించుట కొక యుపాయము కలదు. వారసులు లేని కట్టడమును చూచినపుడు మన మనస్సు ఎట్లు నడుచునో గమనింపవలెను. జమ్మలమడుగునకు చేరువనే, పెన్న యొడ్డున, దానవులపాడను పల్లె యున్నది. 10వ శతాబ్దిలో నచట గొప్ప జైనక్షేత్రము విలసిల్లెను. రాష్ట్రకూట ప్రభువు మూడవ ఇంద్రుడు శాంతినాథుని స్నానోత్సవమునకై యచట నొక శిలాపీఠము చేయించెను. దండనాయకుడు శ్రీవిజయుడు, యుద్ధములన్నియు గెలిచిన పిదప, సర్వమును సన్న్యసించి దేహమును విడిచిన సంగతిని ఒక స్తంభము చెప్పుచున్నది. పిమ్మట నది యిసుక దానిని కప్పివేసెను. 20వ శతాబ్ది తొలి యేండ్లలో పురావస్తు శాఖవారు త్రవ్వి బయల్పఱచిరి.

గండికోటకు పోవు బండ్లలో వందింట నెన్ని దానవులపాటివైపు తిరుగుచున్నవి? మేము పోయిననాడు మాకు తోడుగా నొక కుక్క తప్ప మఱెవరును లేరు. ఆ దండనాయకుడు మన నేలమీదనే, మన నదియొడ్డుననే, మానవుడు చేయగలిగిన మిక్కిలి కష్టమైన పనిని చేసెను: గెలిచినదానిని వదలివేసెను. కోట కట్టుటకంటె నది తక్కువ సంగతి యని యెవరందురు? ఐనను, జైనులిపుడు మనలో లేరు గనుక, ‘మన’ యని చెప్పుకొని పొంగుటకు వీలులేదు గనుక, చూచుటకు తీఱిక లేదు. దీనినిబట్టి మనము ప్రేమించుచున్నది కట్టడమును కాదనియు, దాని నీటిలో కనబడు మన మొగము ననియు తేలుచున్నది. మేమును గండికోటకు మూడుమాఱులు పోయిన తరువాత గాని దానవులపాటికి పోలేదు.

మఱి పూర్వుల కట్టడములతో మనకు సంబంధమే లేదా? ఎవరిదో పోయినది, పడిపోనిండు అందుమా? అది యింకను హీనము. ఇచట మాకు ఆ పూర్వుల శాసనములే దారి చూపినవి. మా కడప మండలము శాసనములకు పుట్టినిల్లు. ఎఱ్ఱగుంట్ల చేరువనున్న కలమళ్లలో రేనాటి చోడరాజు ఎరికల్ ముత్తురాజు వేయించిన శాసనము, సుమారు 575వ సంవత్సరము నాటిది, తెలుగు భాషలో మనకు దొఱకిన శాసనములలో మొట్టమొదటిదిగా ప్రసిద్ధి కెక్కినది. ఈ దేశమున దానశాసనములు చివఱకు వచ్చుసరికి తఱచుగా ఒక హెచ్చరిక చేయును. దానమును చెఱచినవానికి మహాపాతకములు చుట్టుకొనునని శపించును. సంస్కృత శ్లోకములు కల శాసనములలో మఱియొక మాటయు కనబడును. దానము చేయుట, ఒరుల దానమును కాపాడుట అను రెండింటిలో కాపాడుటయే మేలనియు, ఇచ్చినవాడు స్వర్గమునకు పోవునేమో గాని కాపాడినవాడు తిరిగిరాని పదమును చేరుననియు దాని భావము.

సంస్కృతము చదువుకొన్ననాటినుండి ఆ శ్లోకము మాకు కంఠస్థము. రాజులు తమ దానము నిలుచుటకై వ్రాయించుకొన్న లౌక్యపుమాట యని చాలకాలము తలచితిమి. గండికోటనుండి వచ్చిన పిదప గాని దాని లోతు తెలియలేదు. ఆ శ్లోకము కాపాడువానిని ‘నీ వెవని కొడుకువు?’ అని యడుగుట లేదు. దాత రాజవంశము మాసిపోవచ్చును, శత్రువు గద్దె యెక్కవచ్చును, మతము మాఱవచ్చును. ఎవడు వచ్చినను, ఆ దానమును కాపాడినవానికే ఫలము. పుట్టుకతో రాని హక్కొకటి లోకమున కలదనియు, అది పోషణచే వచ్చుననియు ఆ ప్రాచీనులు గ్రహించిరి. కోటలోని పల్లెస్త్రీ తన మేక పడకుండ కూలిన గోడరాళ్లను తిరిగి పేర్చినచో, ఆ క్షణమున కోట ఆమెది. పట్టణమునుండి వచ్చి, స్తంభముమీద మేకుతో తన పేరును ప్రియురాలి పేరును గీసినవాడు ఏ వంశమువా డైనను, కోట వానిది కాదు. ఈ గీతలు లేని గోడ గండికోటలో వెదకి పట్టుకొనవలెను.

ఇచట నొక యాక్షేపణ వచ్చును, వచ్చుట న్యాయము. ‘బ్రదికినవారికి నీళ్లు లేనపుడు చచ్చిన రాళ్లకు మరమ్మతు లేల? ఆ ధనముతో నొక బావి త్రవ్వరాదా?’ అని మా మిత్రు డొకడు, వ్యవసాయము చేయువాడు, మమ్మడిగెను. వేసవిలో బిందె లెత్తుకొని స్త్రీలు వరుసకట్టుట చూచినవారెవరును ఈ మాటను తేలికగా త్రోసివేయలేరు. ఆతనికి మేము చెప్పదగిన సమాధానము గండికోట క్రిందనే యున్నది. మొదట మైలవరము కట్ట వచ్చినది. పిమ్మట గాలేరు–నగరి పథకమున భాగముగా గండికోట జలాశయము వచ్చినది, 26 టి.యం.సి.లకు మించిన నీరు పట్టునది. శ్రీశైలమునుండి కృష్ణానీరు కాలువలవెంట, కొండలోని సొరంగముగుండ వచ్చి పెన్నలో చేరుచున్నది. అచటినుండి చిత్రావతి జలాశయమునకు ఎత్తిపోసిన నీరు పులివెందుల చీనీతోటలకు ప్రాణము పోయుచున్నది. ఒకప్పుడు బోర్లు వేసి వేసి, నీరు పడక, ఆశ చాలించుకొన్న రైతుల ముఖములు మాకు తెలియును. ఈ నీటి నెవరు నిందింపగలరు?

కాని యా నీరు నిలుచుటకు కొండాపురము మండలమున ఊళ్లు ఖాళీచేయవలసివచ్చినది. 2020లో తాళ్లప్రొద్దుటూరు మునిగినది. పరిహారములు, గడువులు, ఆందోళనలు పత్రికలలో వచ్చినవి. అవి యన్నియు చదివితిమి. ఐతే ‘వారసత్వ సంపద’ యని యుపన్యాసము లిచ్చు మాబోటి వారిలో నొక్కడైనను, ఆ యూళ్లు మునుగుటకు ముందు పోయి, అచటి వీథులపేర్లు, చెట్లపేర్లు, బావులపేర్లు వ్రాసికొన్నాడా? మేము వ్రాసికొనలేదు. కోటలోని మూర్తిలేని గుడికి కాపలా యున్నది. మూర్తి, దీపము, తిరునాళ్ల యున్న పల్లెగుడులకు లేకపోయెను. దొర కట్టినది వారసత్వ మనియు, కాపువాడును మాదిగవాడును కట్టుకొన్నది వట్టి కొంప యనియు మన మనస్సులో నెప్పుడో తీర్పు జరిగిపోయినది. శాసనము లేని దాన మది. ఆ యూళ్లవారు తమ పొలమును, తమ పెద్దల సమాధులను విడిచి లేచిపోయినందుననే జిల్లాలో తోటలు పచ్చబడినవి. దానమును కాపాడుట మేలన్న మాట నిజమైనచో, ఈ దానమును కాపాడవలసినవా డెవడు? మా మిత్రునితో ఈ మాట చెప్పితిమి. ఆతడు చాలసేపు మాటలాడలేదు. ‘మా చేనికి వచ్చే నీళ్లు గూడా ఆ నీళ్లేనప్పా’ అని మాత్రము అనెను.

మఱుసటి యేడు పిల్లలకు మేము వేఱుపని పెట్టితిమి. గండికోటను గూర్చి వ్యాసము వ్రాయుమనుటకు మాఱుగా, ఎవరి బంధువు లైనను మునిగిన యూళ్లవా రున్నచో, వారినడిగి ఆ యూరిలో నేమేమి యుండెనో జాబితా వ్రాసికొని రమ్మంటిమి. ఆరుగురు తెచ్చిరి. రచ్చబండ, వేపచెట్టు, పీర్లచావిడి, గంగమ్మగుడి, కళ్లములు, గానుగ యిట్లు సాగినవి. కొన్నిటిలో నెవరి యిల్లు ఎవరి యింటికి ఎదురో బొమ్మ గీసియుండిరి.

ఆనాడు ప్రశ్న యడిగిన బాలుడును తెచ్చెను. వాని తల్లి పుట్టినిల్లు ఆ యూళ్లలో నొకటి. ఆ సంగతి మాకు అంతవఱకు తెలియదు. వాని జాబితా మా యందఱి జాబితాలకంటె పొడుగు. అవ్వ చెప్పుచుండగా రెండు రాత్రులు కూర్చుండి వ్రాసినాడట. ఊరికి పునాదిరాళ్లు ఏ గుట్టనుండి వచ్చినవో, వాని నెవరు కొట్టిరో, ఎవరెవరి బండ్లు తోలిరో అందులో నుండెను. మొదటి పేరు ఊరినడిమి మంచినీళ్ల బావిది. దానిప్రక్కన, వంకర యక్షరములతో, ‘ఈ బావిని తవ్వింది మా అవ్వ వాళ్ల నాయన. మా అవ్వను ఇందులో నీళ్లు చేదుకోనీలేదు’ అని వ్రాసియుండెను.

ఆ జాబితాలను బడి గోడకు అంటింప దలచితిమి. మాతోటి యుపాధ్యాయు డొకడు చూచి, ఆ వాక్యమును మాత్రము తీసివేయుట మంచిదనియు, మునిగిపోయిన యూరిమీద నిపు డీ మచ్చ యేలయనియు నెమ్మదిగా చెప్పెను. ఆతడు మంచివాడు, ఎవరి మనస్సును నొవ్వగూడదని యనుచుండెను. మేము కాగితము చేతబట్టుకొని బాలునివైపు చూచితిమి. వాడు, ‘అవ్వ అదే ముందు రాయమనింది సార్’ అనెను. జిగురుసీసా తెమ్మని వానినే పంపితిమి.